బిడ్డ పుట్టకముందే చేసుకోవలసిన ఏర్పాట్లు: ఏడో నెల నుంచి కాన్పయ్యాక ఆరో వారం దాకా

శ్రీమంతం అయ్యిందంటే ఇంట్లో మాటలన్నీ సామాన్ల మీదికి మళ్లుతాయి. ఏ ఉయ్యాల కొనాలి, ఏ డైపర్ మంచిది, ఏ సబ్బు వాడాలి అని. పుట్టిన బిడ్డకు నిజంగా కావలసినవి చాలా కొద్ది: తల్లిపాలు, వెచ్చదనం, పొడి గుడ్డ, కడుక్కున్న చేతులు. పెద్ద జాబితా బాలింతది. ఆమెకు వేళకు తిండి కావాలి, విడతలు విడతలుగానైనా నిద్ర కావాలి, రాత్రి రెండింటికి లేచి ఒక చేయి వేసే మనిషి కావాలి. ఇవి ఎవరో ఒకరు చూస్తారులే అనుకున్న ఇళ్లలోనే మొదటి నెల గందరగోళంగా గడుస్తుంది. అందుకే ఇక్కడ కొనాల్సిన వాటికన్నా ముందే తేల్చుకోవాల్సిన సంగతులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మీ డాక్టర్ మీకు ప్రత్యేకంగా చెప్పింది ఏదైనా ఉంటే అదే పాటించండి.

మొదటి అడుగు: పురుడు ఎక్కడ, తోడు ఎవరు (ఏడో నెల)

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన అలవాటు. మంచి అలవాటే. కానీ నిర్ణయించే ముందు ఆ ఊళ్లో మూడు చూడండి: నొప్పులు మొదలైతే ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది, అక్కడ అర్ధరాత్రి కూడా సిజేరియన్ చేయగలరా, బిడ్డకు ఊపిరి ఇబ్బంది వస్తే చూసే నవజాత శిశు విభాగం ఎంత దూరం. పుట్టిల్లు పల్లెటూరైతే తొమ్మిదో నెలలో దగ్గరి పట్నంలో బంధువుల ఇంటికి మారడం తెలివైన పని. ఊరు మారుతున్నట్టయితే నెలలు బాగా నిండకముందే ప్రయాణం పెట్టుకోండి. స్కానింగులు, రక్తపరీక్షలు, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య రక్షణ కార్డు) అన్నీ ఒకే ఫైల్లో పెట్టి, కొత్త డాక్టర్ గారికి కనీసం రెండు సార్లు చూపించి ఉండాలి.

పుట్టింటికి వెళ్లడంలో ఒక లోటు ఉంది. తండ్రి దూరమైపోతాడు. మూడో నెలలో బిడ్డను ఇంటికి తెచ్చేసరికి ఆయనకు ఎత్తుకోవడం కూడా కొత్తే. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ప్రసవమైన మొదటి రెండు వారాలు తండ్రి బాలింత ఉన్న ఇంట్లోనే ఉండాలి. అల్లుడు అత్తగారింట్లో అన్ని రోజులు ఉంటే బాగుండదనే మాట పక్కన పెట్టాల్సిన సందర్భం ఇదే.

సెలవులు ఇప్పుడే లెక్క వేసుకోండి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ నాటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు ఉద్యోగం చేసే తల్లికి జీతంతో 26 వారాల ప్రసూతి సెలవు వస్తుంది. అందులో ప్రసవానికి ముందు 8 వారాలకు మించి వాడుకోవడానికి లేదు. అర్హత రావాలంటే అంతకు ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పనిచేసి ఉండాలి. ఆరోగ్యం సహకరిస్తే ప్రసవానికి ముందు తక్కువ వాడి, బిడ్డ పుట్టాక ఎక్కువ మిగుల్చుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవు ఉంది. ప్రైవేటు కంపెనీల్లో అది కంపెనీ ఇష్టం కాబట్టి ఏడో నెలలోనే హెచ్‌ఆర్‌ను అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి.

అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్లు అమ్మ, అత్తయ్య ఇద్దరినీ ఒకేసారి పిలిపించకుండా ఒకరి తర్వాత ఒకరు వచ్చేలా చూసుకుంటారు. అది మంచి పద్ధతి. మొదట వచ్చేవాళ్లు ప్రసవానికి కనీసం రెండు వారాల ముందు చేరితే వేళ తేడా తగ్గి, వంటగది అలవాటవుతుంది. వాళ్లు బయల్దేరే ముందే కోరింత దగ్గు, ఫ్లూ టీకాలు వేయించుకోవాలి. ప్రయాణ వైద్య బీమా కూడా తప్పక తీసుకోండి. అమెరికాలో బిడ్డను ఇంటికి తెచ్చుకోవడానికి పసిబిడ్డల కోసం చేసిన ప్రత్యేకమైన కారు సీటు ఉండాలి. దాన్ని ముందే కారులో బిగించి చూసుకోండి.

రెండో అడుగు: ఆసుపత్రిని అడగాల్సినవి (ఏడో నెల చివర)

ప్యాకేజీ ఎంత అనేది అందరూ అడుగుతారు. అందులో బిడ్డ ఖర్చు ఉందా లేదా అని అడిగేవాళ్లు తక్కువ. చాలా చోట్ల బిడ్డకు వేరే బిల్లు వేస్తారు. ఇవి కూడా అడగండి:

- ప్రసవ సమయంలో పిల్లల డాక్టర్ గదిలో ఉంటారా?
- నవజాత శిశు ఐసీయూ ఇదే భవనంలో ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు?
- సిజేరియన్ అయినా మొదటి గంటలోనే బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టి పాలు పట్టిస్తారా?
- బిడ్డను తల్లి పక్కనే ఉంచుతారా, వేరే గదిలోనా?
- మమ్మల్ని అడక్కుండా డబ్బా పాలు పడతారా?
- విటమిన్ కె ఇంజెక్షన్, థైరాయిడ్ కోసం చేసే మడమ రక్తపరీక్ష, వినికిడి పరీక్ష ఇక్కడే జరుగుతాయా?

మీది మేనరికం అయితే ఆ సంగతి పిల్లల డాక్టర్‌కు ముందే చెప్పండి. పుట్టుకతో వచ్చే కొన్ని లోపాలు, వినికిడి లోపంతో సహా, దగ్గరి సంబంధాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. తొలి రోజుల్లోనే పరీక్ష చేస్తే చికిత్స వేళకు అందుతుంది. తల్లి రక్తం గ్రూపు నెగటివ్, తండ్రిది పాజిటివ్ అయితే, పుట్టిన బిడ్డది పాజిటివ్ అని తేలాక 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. అది ఆసుపత్రిలో సిద్ధంగా ఉంటుందో లేదో అడిగి ఉంచుకోండి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ప్రసవాలు సిజేరియన్లే. ఈ సంఖ్యలు తగ్గాలనే నేనూ కోరుకుంటాను. కానీ మీరు మామూలు కాన్పుకే మానసికంగా సిద్ధమైనా, ఇంటిని మాత్రం సిజేరియన్‌కు కూడా సరిపోయేలా సర్దండి. కుట్లతో నేల మీద పడుకుని లేవడం నరకం. మోకాలి ఎత్తు మంచం, కూర్చునే టాయిలెట్, వంగకుండా అందే బల్ల ముందే ఉండాలి.

ప్రభుత్వాసుపత్రిని తక్కువగా చూడకండి. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రసవం, సిజేరియన్, మందులు, పరీక్షలు, భోజనం, ఇంటికి దింపడం అన్నీ ఉచితం. ఎమర్జెన్సీకి 108. ప్రసవం తర్వాత ఇంటికి దింపే వాహనం కోసం 102 గురించి మీ ఆశా కార్యకర్తను అడగండి. కాన్పు ఆసుపత్రిలోనే అయినా ఆమె 42 రోజుల్లో ఆరు సార్లు ఇంటికి వచ్చి బిడ్డ బరువు, వేడి చూడాలి. ఆమె నంబరు మీ ఫోన్‌లో ఉండాలి.

మూడో అడుగు: డబ్బు, కాగితాలు, పేరు

ఆరోగ్య బీమా ఉంటే ఆ పాలసీలో పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉందో, 90 రోజుల తర్వాతే మొదలవుతుందో చూడండి. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీల్లో తరచూ మొదటి రోజు నుంచే ఉంటుంది, కానీ పుట్టిన కొద్ది రోజుల్లో బిడ్డ పేరు చేర్పించాలి. ఆ గడువు ఎంతో రాసిపెట్టుకోండి. అర్హత ఉంటే కేంద్ర ప్రభుత్వ పథకం మాతృ వందన యోజన కింద మొదటి బిడ్డకు రెండు విడతల్లో 5,000 రూపాయలు వస్తాయి. అంగన్‌వాడీలో అడిగి తెలుసుకోండి.

జననం 21 రోజుల్లోపు నమోదైతే ఏ రుసుమూ లేదు. ఆసుపత్రిలో పుడితే వివరాలు వాళ్లే పంపుతారు. కాబట్టి తప్పులు కూడా అక్కడే పుడతాయి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి, స్థలానికి ఈ పత్రమే ఆధారం. మన తెలుగువాళ్లకు ఇక్కడొక చిక్కు ఉంది: ఇంటిపేరు. తండ్రి ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్ కార్డులో వెనక. తల్లి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆసుపత్రి ఫైల్లో అత్తింటి ఇంటిపేరు. ఇలా ఉంటే తర్వాత ఏ ఆఫీసుకెళ్లినా తిరుగుడే. ఎనిమిదో నెలలో ఇద్దరి ఆధార్, పాస్‌పోర్టులు పక్కపక్కన పెట్టి పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఇప్పుడే మార్పించండి. ఒక కాగితం మీద తల్లి పేరు, తండ్రి పేరు, చిరునామా పెద్ద అక్షరాలతో రాసి ఫైల్లో పెట్టండి. నమోదు ఫారం నింపేటప్పుడు నోటితో చెప్పకుండా ఆ కాగితమే ఇవ్వాలి. బిడ్డ పేరు అప్పటికి తేలకపోయినా ఫర్వాలేదు. నమోదైన ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. బారసాల దాకా ఆగవచ్చు.

నాలుగో అడుగు: పెద్దవాళ్లతో ముందే మాట్లాడుకోవడం (ఎనిమిదో నెల)

ఇది అన్నిటికన్నా ముఖ్యం. జనం ఎక్కువగా వాయిదా వేసేది కూడా ఇదే. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, బాలింత కుట్ల నొప్పితో ఉన్నప్పుడు, "మీ కాలంలో వేరు, మా కాలంలో వేరు" అనే వాదన మొదలైతే ఎవరికీ మంచిది కాదు. ఎనిమిదో నెలలో అందరూ స్థిమితంగా ఉన్నప్పుడే మాట్లాడాలి.

వదులుకోవాల్సినవి ఏవో ముందు స్పష్టంగా తెలుసుకోండి. బిడ్డ కళ్లకు కాటుక వద్దు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, ఇన్ఫెక్షన్ కూడా వస్తుంది. ముక్కులో, చెవుల్లో నూనె పోయకూడదు. నాలుక మీద తేనె రాయకూడదు. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. వస, ఆముదం, గ్రైప్ వాటర్, చక్కెర నీళ్లు ఏవీ వద్దు. బొడ్డు మీద పసుపు, బూడిద, పౌడర్ వేయకూడదు. తడి లేకుండా ఉంచితే చాలు, సాధారణంగా 5 నుంచి 15 రోజుల్లో అదే ఊడిపోతుంది. పుట్టిన బిడ్డ రొమ్ములు కొద్దిగా ఉబ్బి ఉంటే పిండకూడదు. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముర్రుపాలు పారబోయడం ఇప్పుడు చాలా తగ్గింది కానీ, ఇంకా అలా చేయాలనే పెద్దవాళ్లు ఉంటే ఆ పాలే బిడ్డకు మొదటి టీకా లాంటివని చెప్పండి.

ఇంత పొడవైన "వద్దు"ల చిట్టా ఒక్కసారిగా చదివి వినిపిస్తే ఏ అమ్మమ్మ అయినా చిన్నబుచ్చుకుంటుంది. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి ఆమె. మూడు పనులు చేయండి. మొదటిది, తొమ్మిదో నెల చెకప్‌కు అమ్మనో అత్తయ్యనో వెంట తీసుకెళ్లి, ఈ ప్రశ్నలు డాక్టర్ గారిని వాళ్ల ముందే అడగండి. కోడలు చెబితే ఎదురు చెప్పినట్టు, డాక్టర్ చెబితే జాగ్రత్త చెప్పినట్టు. రెండోది, ఎవరి తల్లితో వాళ్లే మాట్లాడాలి. అత్తగారికి కోడలు చెప్పడం కాదు, కొడుకే చెప్పాలి: "అమ్మా, బొడ్డు ఊడేదాకా ఏమీ రాయొద్దన్నారు. ఆ తర్వాత ఒంటికి నూనె నువ్వే రాయాలి, నాకు చేతకాదు." మూడోది, ఉంచుకోదగినవి మనస్ఫూర్తిగా ఉంచుకోండి. మెల్లగా చేసే నూనె మర్దన మంచిదే. లాలిపాట, ఉయ్యాల వేడుక, మొలతాడు, బారసాల ఇవన్నీ బిడ్డకు హాని చేసేవి కావు. దిష్టి చుక్క కావాలంటే అరికాలికి పెట్టుకోవచ్చు. తలంటిన తర్వాత బాలింత జుట్టు ఆరడానికి ధూపం బదులు పొడి తువ్వాలు, ఫ్యాను సరిపోతాయి.

పథ్యం గురించి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. కొన్ని ఇళ్లలో బాలింతకు మంచినీళ్లు కొలిచి ఇస్తారు. పొట్ట పెరుగుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని అంటారు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ వేస్తుంది. నీళ్లు కట్టడి చేస్తే మలబద్ధకం, మూత్రంలో మంట, నీరసం వస్తాయి. తాగినన్ని నీళ్లు ఇవ్వాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు మామూలు కన్నా 600 కిలో కేలరీలు అదనంగా కావాలి. అంటే కారప్పొడి అన్నంతో సరిపెట్టడం కుదరదు. పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, ఆకుకూరలు, తినేవాళ్లకు చేప, మాంసం పెట్టాలి. వెల్లుల్లి కారం, శొంఠి పొడి, కాయం ముద్ద రుచికి, అలవాటుకు తినవచ్చు. అవి భోజనానికి తోడుగా ఉండాలి, భోజనమే అవి కాకూడదు.

ఐదో అడుగు: గది, గుడ్డలు, సామాన్లు

బిడ్డ పుట్టకముందు బట్టలు కొనకూడదని చాలా ఇళ్లలో నమ్మకం. దానితో వాదించనక్కర్లేదు. మెత్తబడిన నూలు చీరలు, పంచెలు చింపి, ఉతికి, ఎండలో ఆరేస్తే పొత్తిగుడ్డలు తయారు. పాతిక ముప్పై ఉండాలి. బంధువుల పిల్లల పాత జుబ్బాలు కొత్తవాటికన్నా మేలు. కొత్తవి కొంటే గంజి పోయేలా ఉతికాకే వాడండి. రాత్రికి, ప్రయాణానికి కొన్ని డైపర్లు. మొదటిసారే పెద్ద ప్యాకెట్లు వద్దు, సైజు త్వరగా మారిపోతుంది. డిజిటల్ థర్మామీటర్ మాత్రం తప్పక కొనండి. దోమతెర కూడా. దోమల చుట్టలు కాల్చకండి.

బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. తలకింద దిండు, పక్కన బొమ్మలు, ముఖం దగ్గర దుప్పట్లు ఉండకూడదు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టనక్కర్లేదు. తల్లి మంచానికి ఆనుకుని బిడ్డ పక్క వేరుగా ఉండడం అన్నిటికన్నా క్షేమం. చీర ఉయ్యాల మనవాళ్లకు ప్రాణం, నాకూ ఇష్టమే. అందులో బిడ్డ మెడ ముందుకు వంగి గడ్డం ఛాతీకి తగలకుండా చూసుకోవాలి. ఎవరూ చూడని వేళ, రాత్రంతా అందులో ఉంచకూడదు.

మే నెలలో పుట్టబోతుంటే ఇన్వర్టర్ సరిచూసుకోండి. ఏసీ వాడవచ్చు. 26 డిగ్రీల దగ్గర పెట్టి గాలి బిడ్డ మీద నేరుగా పడకుండా చూస్తే చాలు. ఎండాకాలంలో స్వెట్టరు, టోపీ, దుప్పటి మూడూ చుట్టేస్తే బిడ్డ ఒళ్లు కాలిపోతుంది, జ్వరమని హడలిపోతారు. మనం వేసుకున్నదానికన్నా ఒక్క పొర ఎక్కువ, అంతే. ఆదిలాబాద్, అరకు చలిలో డిసెంబరు కాన్పు అయితే టోపీ, సాక్సులతో పాటు తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోబెట్టడం అన్నిటికన్నా వెచ్చదనం. తండ్రి కూడా అలా పడుకోబెట్టుకోవచ్చు.

ఎనిమిదో నెలలోనే వంటమనిషినో పనిమనిషినో మాట్లాడి పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు లేని జంటలకు ఉయ్యాల మంచం మీద పెట్టే డబ్బు కంటే రెండు నెలల వంటమనిషి జీతం ఎక్కువ ఉపయోగం.

ఆరో అడుగు: పాల సంగతి పుట్టకముందే నేర్చుకోండి

పాలివ్వడం దానంతట అదే వస్తుందనుకుంటారు. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ అది నేర్చుకునే పనే. మొదటి రెండు మూడు రోజులు వచ్చేది కొద్దిపాటి చిక్కటి ముర్రుపాలు. బిడ్డ పొట్ట కూడా అంతే చిన్నది కాబట్టి అవి సరిపోతాయి. సరిగ్గా ఈ రోజుల్లోనే "పాలు పడలేదు, డబ్బా పాలు పట్టండి" అనే ఒత్తిడి మొదలవుతుంది. సాధారణంగా మూడు, నాలుగో రోజుకు పాలు పడతాయి. సిజేరియన్ అయితే కొంచెం ఆలస్యం కావచ్చు. పాలు పెరగాలంటే ఉన్న మార్గం తరచుగా తాగించడమే, రోజుకు 8 నుంచి 12 సార్లు.

బిడ్డ నోట్లో చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు ఉండాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరగాలి. నొప్పి ఆగకుండా ఉంటే పట్టు సరిగా లేదని అర్థం. ఓర్చుకోకండి, ఆసుపత్రిలో ఉండగానే నర్సును పిలిచి సరిచేయించుకోండి. తొమ్మిదో నెలలో బొమ్మతోనో దిండుతోనో ఎత్తుకునే పద్ధతులు చూసుకుంటే ఆ రోజు చేతులు తడబడవు. పాలు సరిపోతున్నాయా అనేది ఏడుపును బట్టి చెప్పలేం, మూత్రం లెక్కతో చెప్పవచ్చు. ఐదారు రోజులు దాటాక రోజుకు ఆరు సార్లైనా గుడ్డ తడపాలి. మొదటి రోజుల్లో బరువు కొంత తగ్గడం మామూలే. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి. పది శాతం మించి తగ్గితే డాక్టర్‌కు చూపించాలి.

ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఎండాకాలంలో కూడా మంచినీళ్లు అక్కర్లేదు. డాక్టర్ విటమిన్ డి చుక్కలు రాస్తే అవి వేయాలి. నెలలు నిండకుండా పుట్టి, తల్లిపాలు అందని పిల్లల కోసం దాతల పాలు అందించే బ్యాంకు హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ఉంది. డబ్బా పాలు నిజంగా అవసరమని డాక్టర్ చెబితే ఏ తల్లీ తప్పు చేసినట్టు బాధపడకూడదు. పిండిన పాలైనా, డబ్బా పాలైనా సీసా కన్నా ఉడకబెట్టిన ఉగ్గుగిన్నెతో పట్టడం శుభ్రం.

ఏడో అడుగు: రాత్రుళ్లు పంచుకోవడం

పసిబిడ్డ రోజులో 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, కానీ ముక్కలు ముక్కలుగా. రాత్రీ పగలూ తేడా తెలియదు. తల్లి ఒక్కతే అన్నిటికీ లేస్తే పదో రోజుకల్లా మనిషి ఒరిగిపోతుంది. అందుకే రాత్రిని ముందే కాగితం మీద పంచండి. ఉదాహరణకు, రాత్రి 9 నుంచి 1 దాకా తండ్రిది: బిడ్డను తీసుకురావడం, గుడ్డ మార్చడం, పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా తిప్పడం ఆయన పని. తల్లి పాలిచ్చి మళ్లీ పడుకుంటుంది. తెల్లవారుజామున 4 నుంచి అమ్మమ్మ లేదా నానమ్మ. మధ్యలో తల్లి. తండ్రి ఉద్యోగానికి వెళ్లడం మొదలయ్యాక వేళలు మారతాయి, పంపకం ఆగకూడదు. బాలింత పగలు ఒక పూట తలుపు వేసుకుని పడుకోవాలి, ఆ సమయంలో చుట్టాలెవరైనా వస్తే హాల్లోనే ఆపాలి.

చుట్టాల విషయంలో మొహమాటం వద్దు. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు రాకూడదు, వచ్చినవాళ్లు చేతులు కడుక్కోవాలి, ముద్దులు వద్దు. ఈ మాట తాతగారితో చెప్పించండి, ఎవరూ తప్పు పట్టరు. పురుడు పదకొండో రోజున, బారసాల ఇరవై ఒకటో రోజున ఇంట్లోవాళ్ల మధ్య చేసి, పెద్ద విందు మూడో నెలకు పెట్టుకుంటే తల్లీబిడ్డలిద్దరికీ మేలు.

ఎనిమిదో అడుగు: బ్యాగు

35వ వారానికి సర్ది తలుపు దగ్గర పెట్టండి. ఫైలు, ఆధార్, బీమా కార్డు, పేర్ల కాగితం. తల్లికి ముందు జిప్పున్న నైటీలు, పెద్ద ప్యాడ్లు, చెప్పులు, నీళ్ల సీసా. బిడ్డకు పొత్తిగుడ్డలు, జుబ్బాలు, టోపీ. తోడున్నవాళ్లకు దుప్పటి, పొడవు వైరున్న చార్జర్. కొంత నగదు. రక్తం ఇవ్వగల ఇద్దరి ఫోన్ నంబర్లు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనపడినా, బిడ్డ కదలికలు తగ్గినా నొప్పుల కోసం చూడకుండా బయల్దేరాలి.

తొమ్మిదో అడుగు: మామూలేది, ప్రమాదమేది ముందే తెలుసుకోండి

తుమ్ములు, ఎక్కిళ్లు, నిద్రలో ఉలికిపాటు, తాగాక కొంచెం పాలు కక్కడం, మొదటి రెండు రోజులు నల్లటి జిగట విరేచనం, ఆడపిల్లకు మొదటి వారంలో తెల్లగానో కొద్దిపాటి రక్తంగానో కనపడడం, ఇవన్నీ మామూలే. తల్లిపాలు తాగే బిడ్డ రోజుకు చాలా సార్లు పలచగా విరేచనం చేయడం కూడా. సాయంత్రాల్లో ఏడుపు ఆరో వారం దాకా పెరుగుతూ పోయి తర్వాత తగ్గుతుంది. ఆకలి, తడి, వేడి అన్నీ చూశాక కూడా ఆగకపోతే ఇంకొకరి చేతికివ్వండి. ఎంత విసుగొచ్చినా బిడ్డను పట్టుకుని గట్టిగా కుదపకూడదు, మెదడుకు దెబ్బ తగులుతుంది.

ఇవి మాత్రం అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లాల్సినవి: 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం లేదా ఒళ్లు చల్లబడడం, పాలు తాగకపోవడం, లేపినా లేవనంత మగత, ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం, ఫిట్స్, ఆకుపచ్చ రంగు వాంతి, పెదవులు నీలంగా మారడం, బొడ్డు చుట్టూ ఎరుపు, చీము. కామెర్లు రెండో, మూడో రోజు కనపడి తగ్గిపోవడం మామూలు. మొదటి 24 గంటల్లోనే కనపడినా, అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా వెంటనే పరీక్ష చేయించాలి. ఉదయపు ఎండ చికిత్స కాదు. ఎండలో పెడుతూ రోజులు గడపకండి. పసిబిడ్డకు సొంతంగా జ్వరం మందు వేయకండి.

తల్లికీ ఇలాంటి గుర్తులే ఉన్నాయి. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం, జ్వరం, కళ్లు మసకబారే తలనొప్పి, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం, ఆయాసం. ఈ రెండు జాబితాలనూ తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి, కింద డాక్టర్ నంబరు, 108 రాయండి.

మనసు సంగతి ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచాలి. మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామంది తల్లుల్లో ఉంటుంది. అది దాటాక కూడా దిగులు తగ్గకపోయినా, బిడ్డ మీద ఏ భావమూ కలగడం లేదన్నా, చనిపోవాలనిపిస్తుందన్నా అది జబ్బు, వైద్యం ఉంది. "బిడ్డను పెట్టుకుని ఏడుస్తావేంటి" అనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పదో అడుగు: ఆరో వారం చెకప్‌ను ఇప్పుడే క్యాలెండర్‌లో రాయండి

పుట్టగానే బీసీజీ (క్షయ రాకుండా వేసే టీకా), పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్ బి పడతాయి. ఆ తర్వాత టీకాలు 6, 10, 14 వారాలకు. తేదీ లెక్కేసి గుర్తుపెట్టుకోండి. ఆరో వారం టీకాకు వెళ్లిన రోజే తల్లి కూడా తన డాక్టర్‌ను కలవాలి. కుట్లు, బీపీ, రక్తహీనత చూపించుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలు ఎన్నాళ్లు వాడాలో అడగాలి. మళ్లీ గర్భం గురించి కూడా ఆ రోజే మాట్లాడాలి. నెలసరి రాకముందే గర్భం రావచ్చు, పాలిస్తున్నా సరే. కాన్పుకూ మళ్లీ గర్భానికీ కనీసం రెండేళ్ల ఎడం ఉంటే తల్లి శరీరం కోలుకుంటుంది. కాపర్-టీ, పాలిచ్చే తల్లులు వాడదగిన మాత్రలు, ఇంజెక్షన్, ఇవన్నీ ప్రభుత్వాసుపత్రుల్లోనూ దొరుకుతాయి. ఈ మాట అడగడానికి భర్త కూడా వెంట ఉండాలి. ఆ రోజుకు ఆయన సెలవు కూడా ఇప్పుడే పెట్టించండి.